పెద్ద కుక్కల మోచేతి కాయలు: ఫోమ్ పరుపు మేలా, నవారు మంచమా?

లాబ్రడార్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ లాంటి బరువైన కుక్కలు టైల్స్ మీదో గ్రానైట్ మీదో పడుకుంటూ ఉంటే ముందుకాళ్ల మోచేతులు కాయలు కాస్తాయి. అక్కడ ఎముక మొనకూ చర్మానికీ మధ్య కండగానీ కొవ్వుగానీ దాదాపు ఉండదు. కుక్క ధబ్బున వాలిన ప్రతిసారీ బరువు ఆ మొన మీదే పడుతుంది. దాంతో వెంట్రుకలు రాలి, చర్మం మందమై, బూడిదరంగుకు తిరుగుతుంది. తనను తాను కాపాడుకోవడానికి చర్మం చేసుకున్న ఏర్పాటిది. అందుకే పొడిగా, పగుళ్లు లేకుండా ఉన్న కాయను వదిలించాలని చూడకండి. పగలకుండా, పెరగకుండా చూస్తే చాలు. ఆ పని చేసేది పడకే గానీ క్రీమ్ కాదు.

ఫోమ్ పరుపు కొంటే మందం చూడండి. ముప్పై కిలోలు దాటిన కుక్కకు కనీసం 4 అంగుళాలు ఉండాలి. పరుపు మీద మోకాలు పెట్టి బరువంతా మోపండి; కింద నేల తగిలిందంటే కుక్క మోచేతికీ తగులుతుంది. చవక స్పాంజ్ మొదట్లో మెత్తగానే ఉంటుంది, కొన్నాళ్లకు కుక్క పడుకునే చోటే గుంట పడుతుంది. అడుగున గట్టి ఫోమ్, పైన ఒకటి రెండు అంగుళాల మెమరీ ఫోమ్ ఉన్న పరుపు ఎక్కువకాలం నిలుస్తుంది. దీనికున్న పెద్ద లోపం వేడి. మన ఏప్రిల్, మే నెలల్లో కుక్క పరుపు దిగి చల్లటి గచ్చు మీదకి పోతుంది. ఎంత ఖరీదైన పరుపైనా ఖాళీగా పడి ఉంటే మోచేతికి ఒరిగేదేమీ లేదు. తడి తగలకుండా రెక్సిన్ కవర్ వేస్తే ఇంకా ఉడుకుతుంది. వేయక తప్పకపోతే పైన నూలు దుప్పటి పరవండి.

నవారు మంచానికీ, కాన్వాస్ బిగించిన ఎత్తు పడకకీ కింద నుంచి గాలి ఆడుతుంది. ఒత్తిడి ఒక్క మొన మీద పడకుండా పట్టీ అంతటా పరుచుకుంటుంది. ఎత్తు 6 నుంచి 8 అంగుళాలు చాలు, మన మామూలు మంచమంత అక్కర్లేదు. నవారు వదులైతే మధ్యలో కిందికి జారి మోచేయి నేలను తాకుతుంది, కాబట్టి సాగినప్పుడల్లా బిగించాలి. కొన్ని కుక్కలు మోచేయిని పట్టె మీదే ఆనించి పడుకుంటాయి; పట్టెకు పాత దుప్పటి చుట్టి కట్టండి. నులక మంచమైతే పీచు గరుకు చర్మాన్ని ఒరుస్తుంది, పైన బొంత లేకుండా వాడొద్దు. గోనెసంచి మందం చాలదు, పైగా చెమ్మ పట్టి ఉంచుతుంది.

మన వాతావరణంలో ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మా ఓటు నవారుకే, మీద పలచటి బొంతతో. తుంటి నొప్పి ఉన్న ముసలి కుక్క ఆ ఎత్తు ఎక్కలేదు, దానికి నేల మీద ఫోమే సరైనది. ఏది కొన్నా కుక్క రోజూ పడుకునే మూలలోనే, ఫ్యాన్ కిందే వేయండి. బరువు తగ్గించడం కూడా అంతే ముఖ్యం: పక్కటెముకలు చేతికి సులువుగా తగలాలి.

పూతల్లో కొబ్బరినూనె కంటే వాసన లేని పెట్రోలియం జెల్లీ మేలు. నూనె రుచికి కుక్క నాకుతూనే ఉంటుంది. నాకిన చోట తడి నిలిచి సూక్ష్మజీవులు చేరతాయి. జెల్లీని రోజుకోసారి పలచగా రాసి వెంటనే నడకకు తీసుకెళ్లండి. మరీ ఎక్కువ రాస్తే కాయ నాని పగులుతుంది. ఆనెలకు వాడే సాలిసిలిక్ ఆమ్లం పట్టీలు, జింక్ ఆక్సైడ్ క్రీములు, మనుషుల నొప్పి జెల్‌లు కుక్క నాకితే ప్రమాదం. ప్యూమిస్ రాయితో గీకొద్దు.

మోచేతి తొడుగులు పగిలిన కాయకూ, నీరు పట్టిన మోచేతికీ పనికొస్తాయి. తొడుగు లోపల రెండు వేళ్లు దూరాలి. రోజూ విప్పి, చంక దగ్గర ఒరుసుకుందేమో చూసి, చర్మాన్ని ఆరనివ్వాలి.

మోచేయి మెత్తగా, నీటి సంచిలా ఉబ్బితే అది హైగ్రోమా. చిన్నదైతే మెత్తటి పడకతో కొన్ని వారాల్లో తగ్గవచ్చు. సూదితో నీరు తీయించడానికి తొందరపడకండి. ఒత్తిడి తగ్గకపోతే మళ్లీ చేరుతుంది, సూది వెంట ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది. చీము, రక్తం, దుర్వాసన ఉంటే వెంటనే పశువైద్యుడికి చూపించాలి. విరిగిన వెంట్రుకలు కాయ లోపలికి గుచ్చుకుంటే అక్కడ ఇన్ఫెక్షన్ పాతుకుంటుంది, యాంటీబయాటిక్ వారాల తరబడి వాడాల్సి రావచ్చు. పుండు మానినట్టు కనబడగానే ఆపేస్తే తిరగబెడుతుంది. కోసి తీయించడం ఆఖరి మార్గం: అదే చోట మళ్లీ బరువు పడి కుట్లు విడిపోతాయి.

మోచేతులతో పాటు చెవి అంచులు కూడా పొక్కులు కట్టి, కుక్క రాత్రింబవళ్లు గోక్కుంటుంటే అది కాయ కాకపోవచ్చు. గజ్జి పురుగు కోసం చర్మం గీరి పరీక్ష చేయించండి. అందులో పురుగు దొరకనంత మాత్రాన గజ్జి లేదని తేల్చేయకూడదు, లక్షణాలను బట్టే వైద్యులు మందు మొదలుపెడుతుంటారు.