టాంగిల్‌వుడ్‌లో షెడ్డా, పచ్చికా?

మసాచుసెట్స్‌లోని టాంగిల్‌వుడ్ బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా అనే పాశ్చాత్య సంగీత బృందానికి వేసవి విడిది. అక్కడ 1938లో కట్టిన కచేరీ షెడ్డుకు పైకప్పు ఉంది గానీ పక్కగోడలు లేవు. సుమారు 5,000 మంది పడతారు. ముందు వరుసల్లో కూర్చుంటే వాద్యాల నాదం నేరుగా చెవిన పడుతుంది. వయొలిన్ కమాన్లన్నీ ఒక్కసారిగా లేవడం, ఓబో ఊదబోయే ముందు వాద్యకారుడు ఊపిరి పీల్చుకోవడం కళ్లారా చూడొచ్చు. అదెంత ఆనందమో!

బయట పచ్చికలో వినిపించేది చాలావరకు లౌడ్‌స్పీకర్ల మోతే. వానొస్తే తడవాల్సిందే. అయితే టికెట్ చవక, దుప్పటి పరుచుకుని కాళ్లు చాపుకోవచ్చు, చంటిపిల్లలున్నవాళ్లకు అదే హాయి. స్వరకర్త మాలర్ రాసిన సింఫనీ వాయించే రోజున మాత్రం షెడ్డుకే నా ఓటు. వినీవినపడకుండా సాగే ఆ తంత్రుల స్వరాలు పచ్చిక మీద పక్కవాళ్ల కబుర్లలో కలిసిపోతాయి.