కోబ్రాపై వాడి చూశా: మోడల్ వరకు సూపర్, జీన్ డేటా కలపడం మాత్రం మన చేతి పనే

పీహెచ్‌డీ పనంతా దీంతోనే నడుస్తోంది కాబట్టి గట్టిగానే చెప్తున్నా, సెల్ లోపలి మెటబాలిజం (అంటే అక్కడ జరిగే రసాయన చర్యలన్నీ) కంప్యూటర్లో లెక్కకట్టాలనుకునేవాళ్లు కోబ్రాపైతోనే మొదలుపెట్టండి. 2013లో వచ్చిన పైథాన్ ప్యాకేజీ, పూర్తిగా ఫ్రీ, మ్యాట్‌ల్యాబ్ కొనక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ముందు ఈ.కోలై కోర్ మోడల్ (ఆ బ్యాక్టీరియా మెటబాలిజానికి చిన్న నమూనా) ఆడించి చూడండి. 95 రియాక్షన్లు, 137 జీన్లు, అంతే. గ్లూకోజ్ 10 (గ్రాము ఎండు కణాలకి గంటకి ఇన్ని మిల్లీమోల్స్) ఇస్తే గ్రోత్ గంటకి 0.874 వస్తుంది, అదే ఆక్సిజన్ ఆపేస్తే 0.212కి పడిపోయి అసిటేట్, ఫార్మేట్, ఇథనాల్ బయటికి వదలడం మొదలెడుతుంది, నిజం బ్యాక్టీరియా చేసేదీ అదే కదా, మొదటిసారి స్క్రీన్ మీద అది చూసినప్పుడు నాకు ఎంత ఆనందమేసిందో.

అసలు పని ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చెప్పే కొలతలు) ఇందులోకి ఎక్కించడం. ఇక్కడే చిక్కు. ఆ డేటాని మోడల్‌కి కలిపే ఈ-ఫ్లక్స్, గిమ్మీ, ఐమ్యాట్ లాంటి పద్ధతులు ఇందులో రెడీగా లేవు, మ్యాట్‌ల్యాబ్ కోబ్రా టూల్‌బాక్స్‌లో అయితే గిమ్మీ, ఐమ్యాట్ ఉన్నాయి. జీన్ కొలతని బట్టి ఒక్కో రియాక్షన్‌కి లిమిట్ పెట్టే ఈ-ఫ్లక్స్ నేను సొంతంగా రాసుకున్నా. సక్సినేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్‌కి నాలుగు జీన్లూ కావాలి, అందుకే నాలుగింట్లో తక్కువున్నదే దాని లిమిట్. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్‌కి పీఎఫ్‌కేఏ జీన్ ఉన్నా సరే, పీఎఫ్‌కేబీ ఉన్నా సరే, అందుకని ఆ రెండిటి విలువలూ కూడాలి. రాసేసి రన్ చేస్తే గ్రోత్ సున్నా! రెండ్రోజులు తల పట్టుకుని వెతికితే తేలిందేంటంటే, నా ఫైల్లో జీన్ పేరు పీఎఫ్‌కేఏ అని ఉంది, మోడల్లో బీ3916 అని ఉంది, ఏదీ మ్యాచ్ కాక అన్నీ సున్నాలైపోయాయి. మీరు ముందే ఆ పేర్లు కలుపుకోండి.

ఇంకోటి, డేటా ఎక్కించగానే మోడల్ బాగుపడిపోతుందని మాత్రం అనుకోకండి. కాలవ వెడల్పు తెలిసినంత మాత్రాన అందులో ఎన్ని నీళ్లు పారుతున్నాయో తెలీదు కదా, జీన్ ఎక్స్‌ప్రెషన్ (జీన్ ఎంత పనిచేస్తోందన్న కొలత) కూడా అంతే. 2014లో ఈ పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు చాలా కండిషన్లలో డేటా లేని మామూలు పీఎఫ్‌బీఏనే (గ్రోత్ గరిష్ఠంగా ఉంచుతూ, రియాక్షన్ల మొత్తం ప్రవాహం వీలైనంత తక్కువుండేలా లెక్కకట్టే పద్ధతి) వీటికి సమానంగా, కొన్నిచోట్ల మెరుగ్గా వచ్చింది. ఆ పీఎఫ్‌బీఏ కోబ్రాపైలోనే ఉంది, ముందు అది రన్ చేసి ఆ నంబర్లు పక్కన పెట్టుకుని తర్వాతే మీ డేటా ఎక్కించండి, తేడా ఎక్కడొచ్చిందో అప్పుడే కనిపిస్తుంది.

ఐమ్యాట్ రాసుకుని పెద్ద మోడల్ మీద నడపాలంటే దీంతో వచ్చే జీఎల్‌పీకే సాల్వర్ (లెక్క తేల్చే ప్రోగ్రామ్) బాగా నెమ్మది, స్టూడెంట్లకి గురోబీ అనే ఇంకో సాల్వర్ అకడమిక్ లైసెన్స్ ఫ్రీగా ఇస్తారు, తీసుకోండి.

5కి 4 ఇస్తున్నా, ఆ పద్ధతులు రెడీగా పెట్టిన రోజు మిగతా ఒకటీ ఇచ్చేస్తా.