అన్యాయం న్యాయంగా వినిపించిన లాప్‌టాప్: పైప్‌వైర్‌తో రెండేళ్లు

లాప్‌టాప్‌లో డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) వేసుకున్న కొత్తలో, లినక్స్‌లో సౌండ్ కార్డు బాధలు ఇక తీరిపోయినట్టేనని అడిగినవారికీ అడగనివారికీ చెప్పాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ మైకు ఏది తగిలించినా, లినక్స్‌లో శబ్దాన్ని నడిపించే పైప్‌వైర్ అనే ప్రోగ్రాము మారు మాట్లాడకుండా అందుకునేది. ఆ మాటను ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, అప్పుడు అంత గట్టిగా అని ఉండవలసింది కాదు. ఎందుకంటే ఈ లాప్‌టాప్ రెండేళ్లుగా మొదటి అక్షరాన్ని మింగుతూ వచ్చింది.

విదేశంలో పెరుగుతున్న మా అక్క పిల్లల కోసం తెలుగు పాఠాలు తయారుచేస్తున్నాను. గొంతు మా పిన్నిది. ఒక్కొక్క మాట ఒక్కొక్క చిన్న ఆడియో ఫైలు. వ్యతిరేక పదాల పాఠాన్ని సరిచూస్తుండగా ‘న్యాయం’ తరువాత ‘అన్యాయం’ రావలసిన చోట మళ్లీ ‘న్యాయం’ అనే వినిపించింది, ‘అసాధ్యం’ కాస్తా ‘సాధ్యం’ అయి కూర్చుంది. తెలుగులో ఒక్క ‘అ’ పోతే అర్థమే తలకిందులవుతుందని వ్యాకరణంలో చదువుకున్నాను గానీ, దానిని ఇలా చెవులతో వింటాననుకోలేదు. పిన్నికి ఫోన్ చేసి, మైకు దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదవమన్నాను. రెండోసారి కూడా అదే వినిపించేసరికి మూడోసారి అడిగాను. "నేను ‘అ’ అన్నానురా, నీ చెవులు చూపించుకో" అంది. అదే ఫైలును నా ఫోనులో వింటే ‘అ’ స్పష్టంగా ఉంది. ఆ పని మొదటే చేసి ఉంటే ఆవిడ గొంతుకు అంత శ్రమ తప్పేది.

అందరూ చెప్పే సలహాలతో ఒక సాయంత్రం గడిచిపోయింది: శబ్దం హెచ్చుతగ్గులు సరిచేసే ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6 నొక్కి కార్డు ఎంచుకోవడం, ఏ పట్టీ కిందనైనా ‘ఎంఎం’ కనబడితే ఎం నొక్కి మూగతనం వదిలించడం. అవి శబ్దమే రానప్పుడు పనికొచ్చే మందులు. నాది శబ్దం ఆలస్యంగా మేలుకునే జబ్బు.

అసలు సంగతి /ప్రాక్/అసౌండ్ అనే ఫోల్డరు కింద కార్డు స్థితిని చూపే ఫైలులో దొరికింది. ఒక టెర్మినల్‌లో దానిని క్షణక్షణమూ చూస్తూ మాటలు వినిపిస్తే, మోగుతున్నంతసేపూ ‘రన్నింగ్’ అని ఉండి, మాట ఆగిన అయిదు సెకన్లకు ‘క్లోజ్డ్’ అయ్యేది. పైప్‌వైర్‌కు పెత్తనం చేసే వైర్‌ప్లంబర్, ఖాళీగా ఉన్న కార్డును అయిదు సెకన్ల తరువాత వదిలేస్తుంది. అప్పుడు సౌండ్ చిప్పును నడిపే ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవరు తన ‘పవర్ సేవ్’ గడువు చూసుకుని చిప్పునే నిద్రపుచ్చుతుంది. పిల్లలు జవాబు చెప్పడానికి నేను మాటకూ మాటకూ మధ్య ఎనిమిది సెకన్లు విడిచిపెడుతున్నాను, కాబట్టి ప్రతి మాటా నిద్రపోతున్న కార్డు మీదే పడేది. గంటలకొద్దీ పాటలు వినేవారికి, సినిమాలు చూసేవారికి ఈ లోపం ఎన్నడూ తెలియకపోవచ్చు.

ముందుగా డ్రైవర్ల అమరికలు రాసే మోడ్‌ప్రోబ్ ఫైలులో పవర్ సేవ్‌ను సున్నా చేశాను (సున్నా అంటే నిద్రే వద్దని). మాటకు ముందు వచ్చే ‘టప్’ చప్పుడు పోయింది గానీ ‘అ’ ఇంకా సగమే వినిపించేది. ఆ తరువాత వైర్‌ప్లంబర్ అమరికలుండే లువా ఫైలులో (లువా ఒక ప్రోగ్రామింగ్ భాష) సస్పెండ్ గడువును, అంటే ఆ అయిదు సెకన్లను, కూడా సున్నా చేస్తే ‘అన్యాయం’ నిండుగా పలికింది. ఆ రాత్రి ఆ ఒక్క మాటను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

అయితే నిరుడు డెబియన్ 13కు మారిన వారానికే ‘అ’ మళ్లీ మాయమైంది. ఈసారి ‘టప్’ చప్పుడు లేదు, అంటే డ్రైవరు మెలకువగానే ఉంది. దోషం రెండో చోటే ఉండాలి. వైర్‌ప్లంబర్ 0.5 నుంచి అమరికల రూపమే మారిపోయి, పాత లువా ఫైళ్లను చదవడం మానేసిందట. మానేస్తే మానేసింది, నా ఫైలును పట్టించుకోవడం లేదన్న హెచ్చరికను లాగ్‌లో రాసి ఊరుకోకుండా తెరమీద ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా! అదే విలువను కొత్త రూపపు అమరికల ఫైలులో (కాన్ఫ్) రాసి వైర్‌ప్లంబర్‌ను తిరిగి మొదలుపెట్టాక సమస్య పోయింది. నా ఫిర్యాదు అయిదు సెకన్ల గడువు మీద కాదు, తెరమీది ఈ నిశ్శబ్దం మీద.

ఇది అందరూ చేసుకోవలసిన మార్పని చెప్పలేను. నా యంత్రం ఎప్పుడూ ప్లగ్గుకే తగిలించి ఉంటుంది కాబట్టి కార్డు రాత్రింబవళ్లు మేలుకుని ఉన్నా నాకు నష్టం లేదు. అర్ధరాత్రి హెడ్‌ఫోన్లలో సన్నని ‘స్స్’ మాత్రం వినిపిస్తుంది, దానికి అలవాటుపడ్డాను. అక్క ఇంట్లోనూ డెబియనే, కానీ ఆమె పని అంతా బ్యాటరీ మీదే. అందుకని అక్కడ ఏ అమరికా ముట్టుకోకుండా, పిల్లలకు పంపే ప్రతి ఫైలు ముందూ అర సెకను నిశ్శబ్దం అతికిస్తున్నాను. కార్డు మింగేది ఆ నిశ్శబ్దాన్నే.