పొద్దున రెండున్నర గంటల బడి: రెండున్నరేళ్లు వాడి చూశాక

మిక్సీ కొంటే సమీక్ష రాస్తాం, చెప్పులు కొన్నా రాస్తాం. ఇంట్లో ఇన్నాళ్లు వాడిన ఒక టైంటేబుల్ గురించి ఎందుకు రాయకూడదు అనిపించింది. నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి చదివించాలనుకునేవాళ్లకి పనికొస్తుందేమో. పనికిరాని సంగతులు కూడా దాచకుండా రాస్తున్నాను.

2022 డిసెంబర్‌లో మావారికి బదిలీ అయి విశాఖ నుంచి హైదరాబాద్ వచ్చాం. ఏడాది మధ్యలో చేర్పిస్తే మొత్తం ఫీజు కట్టమన్నారు. అమ్మాయి అప్పుడు మూడో తరగతి, బాబు రెండో తరగతి. జూన్ దాకా ఇంట్లోనే చూసుకుందాం అనుకున్నాం. జూన్ వచ్చింది, పోయింది. అమ్మాయి నాలుగు, ఐదు ఇంట్లోనే చదివి 2025 జూన్‌లో ఆరో తరగతిలో చేరింది. బాబు ఐదు ఇంకా ఇంట్లోనే చదువుతున్నాడు.

మొదటి టైంటేబుల్ నేనే వేశాను. తొమ్మిది నుంచి మూడున్నర దాకా, నలభై నిమిషాలకో పీరియడ్, రంగు పెన్నులతో గీసి ఫ్రిజ్‌కి అంటించాను. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు సోషల్ పీరియడ్‌లో బాబు మంచం కింద దూరి బయటికి రానన్నాడు. నాక్కూడా మంచం కిందికి వెళ్లిపోవాలనే ఉంది. ఇంట్లో ఇద్దరే పిల్లలు. హాజరు పిలవడం, లైన్లో నిలబెట్టడం, నలభై మంది నోట్సులు దిద్దడం లేవు. బడిలో ఆరు గంటలు పట్టేది ఇక్కడ ఆరు గంటలు పట్టదన్న సంగతి నాకు తట్టడానికి అన్ని రోజులు పట్టింది.

ఇప్పుడు నడుస్తున్నది ఇదీ. తొమ్మిదింబావుకి మొదలు. ముందు లెక్కలు, ముప్పావుగంట. తర్వాత మరమరాలో, అరటిపండో. ఆ తర్వాత ఒకరోజు తెలుగు, ఒకరోజు ఇంగ్లీషు. చివర్లో పరిసరాల విజ్ఞానం. పదకొండూ ముప్పావుకి పుస్తకాలు మూసేస్తాం. నాకు పన్నెండు నుంచి ఆఫీసు పని, అది ఇంటినుంచే. భోజనం అయ్యాక పిల్లలు ఒక గంట ఎవరికి వాళ్లు ఏదైనా చదువుకోవాలి. ఏం చదవాలో మేం చెప్పం. సాయంత్రం కాలనీ పిల్లలు బడినుంచి వచ్చేదాకా వీళ్లు గేటు దగ్గర కాపలా కాస్తుంటారు. రాత్రి అన్నాల దగ్గర ఆ రోజు చదివింది వాళ్ల నాన్నకో, నాయనమ్మకో చెప్పాలి.

ఈ రాత్రి చెప్పడం అనేది మొదట్లో టైంటేబుల్‌లో లేదు. మావారు ఊరికే "ఇవాళ ఏం చదివావే?" అని అడగడంతో మొదలైంది. రెండున్నరేళ్ల తర్వాత చెప్తున్నాను, మొత్తం రోజులో అన్నిటికంటే గట్టిగా పనిచేసింది అదే. ఒకసారి అమ్మాయి ఆకులు ఎండతో ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో గడగడా చెప్పింది. మా అత్తయ్య మజ్జిగ కలుపుకుంటూ, "మరి రాత్రిళ్లు చెట్టు పస్తుంటుందా అమ్మడూ?" అంది. పిల్ల ముఖం చూడాలి. పుస్తకం చివర ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసేసింది, ఈ ప్రశ్న మాత్రం అందులో లేదు. మర్నాడు వెతికి, పగలు చేసుకున్నదాన్ని పిండిపదార్థంగా దాచుకుంటుందని తెలుసుకుంది. దెబ్బలకి రాసే అయోడిన్ మందు చుక్క బంగాళాదుంప ముక్క మీద వేస్తే నల్లగా నీలంగా మారింది, కీరదోస ముక్క మీద మారలేదు. ఆ వారమంతా వంటింట్లో దేన్నీ వదల్లేదు. ఇడ్లీ కూడా నీలమైంది.

ఇక లెక్కలు. ఐదో తరగతి లెక్కల్లో కష్టం గుణకారాల దగ్గర ఉండదు, ఎక్కాలు వస్తే అవి నడిచిపోతాయి. పిల్లలు పడేది భిన్నాల దగ్గర. మా అమ్మాయి సగానికి పావు కలపమంటే పైవి పైకి, కిందవి కిందికి కలిపి 2/6 అని రాసేది. హారాలు సమానం చెయ్యాలి, క.సా.గు. తియ్యాలి అని బోర్డు మీద నాలుగు రోజులు చెప్పాను. చేసేది, మర్నాటికి మళ్లీ 2/6. నేను గొంతు పెంచాను, అది ఏడ్చింది. అత్తయ్య లోపలికి వెళ్లి తెనాలినుంచి తెచ్చుకున్న ఇత్తడి కొలపాత్రలు తెచ్చి పేపర్ మీద పెట్టింది. సోల, అరసోల, గిద్ద.

"అరసోల బియ్యం పొయ్యి" అంది. సోలలో పోసింది. "ఇప్పుడు దానిమీద ఓ గిద్ద పొయ్యి. సోల నిండిందా?"

"నిండలేదు. ఇంకో గిద్ద పడుతుంది."

"సోలకి నాలుగు గిద్దలు. ఇప్పుడెన్ని ఉన్నాయి?"

"మూడు."

"మరి నువ్వు రాసిన ఆరులో రెండు అంటే ఎంత?"

పిల్ల కాసేపు ఆలోచించింది. ఆరులో రెండు అంటే మూడో వంతు. అంటే సగం కంటే తక్కువ. "అరసోల ఉండగా దానికి ఇంకా పోస్తే తగ్గిపోతుందా?" అంది అత్తయ్య. అప్పుడు నవ్వింది. తర్వాత ఎప్పుడూ 2/6 రాయలేదు. ముప్పావు అన్న మాటలోనే జవాబు ఉంది కదమ్మా అని నాకు చెప్పింది కూడా. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, కాబట్టి గిద్ద మానికలో పదహారో వంతు, పదహారో వంతుని వీసం అంటారు అని అత్తయ్య పాఠం పొడిగించింది. మా వాడికి వీసమెత్తు కూడా అర్థం కాలేదేమో అనుకున్నాను, ఆ వీసమే పట్టుకుని నెలరోజులు తిరిగాడు. "అమ్మా, పచ్చడి వీసం వెయ్యి చాలు" అనేవాడు.

ఇత్తడి సోల అందరి ఇళ్లల్లో ఉండదు. టీ గ్లాసు, కాఫీ కొలత చెంచా అయినా చాలు. కానీ బోర్డు మీద నాలుగు రోజులు వృథా చేసిన నాలాంటివాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది.

కొన్న వస్తువుల సంగతి. పెద్ద వైట్‌బోర్డు కొన్నాం, మార్కర్లు రెండు వారాలకొకసారి ఎండిపోతాయి, ఇప్పుడు దాని మీద పాల లెక్క రాస్తున్నాం. చెరో పలక, బలపం మాత్రం రోజూ వాడతారు. తప్పు చేస్తే చెరిపెయ్యొచ్చు కాబట్టి తప్పు చెయ్యడానికి భయపడరు. నోట్సులో తప్పు పడితే మా అమ్మాయికి టెన్షన్, పేజీ చింపేసేది.

డబ్బు కట్టి ఒక యాప్ కూడా తీసుకున్నాం. పేరు రాయను. ఇంటికొచ్చి, పిల్లలకి పరీక్ష పెట్టి, మీవాడు వెనకబడ్డాడండీ అని మమ్మల్ని భయపెట్టి ఏడాదికి అమ్మేశారు. వీడియోలు బాగానే ఉన్నాయి, అందంగా ఉన్నాయి. మా వాడు మూడు వారాల్లో ఏం నేర్చుకున్నాడంటే, వీడియోని చివరికి జరిపితే పాఠం అయిపోయినట్టు నక్షత్రాలు వస్తాయని. రద్దు చేసుకోవడానికి చేసిన ఫోన్లు లెక్కపెడితే అదో గుణకారం.

ఉచితంగా దొరికేవే ఎక్కువ వాడాం. తెలంగాణ ప్రభుత్వ పుస్తకాలు 2022-23 నుంచి రెండు భాషల్లో వస్తున్నాయి, పక్కపక్క పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన సౌకర్యం. ఇంగ్లీషులో లెక్క అర్థం కాకపోతే పక్క పేజీ చూసుకుంటారు. చాలాసార్లు లెక్క రాకపోవడం కాదు, వాక్యం అర్థం కాకపోవడమే అని అప్పుడు తెలుస్తుంది. పాఠం పక్కన ఉండే క్యూఆర్ కోడ్‌ని దీక్షా యాప్‌లో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో వస్తుంది. వారానికి ఒకటో రెండో చూపిస్తాం, అంతకంటే వద్దు. కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది, తెలుగు కథలు బోలెడు, స్థాయిలు ఒకటి నుంచి నాలుగు. నాలుగో స్థాయివి ఐదో తరగతి పిల్లలకి సరిపోతాయి. ప్రింట్ తీసి కుట్టి ఇస్తే ఫోన్ గొడవ ఉండదు.

ఎండలో చేసినవాటిలో ఒకటి చెప్తాను. హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు, నిలువుగా ఉన్న వస్తువుకి నీడ ఉండదు. 2024 మేలో డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి పన్నెండు నుంచి కూర్చున్నాం. పన్నెండుంబావు అయ్యేసరికి గ్లాసు చుట్టూ నీడ మాయమైంది. అంతకుముందు వారం రోజులు నీడ కొలిచి పట్టిక వేసుకున్నారు కాబట్టి వాళ్లకి అది ముందే తెలుసు, నాకే ఆశ్చర్యం. ఆగస్టులో మళ్లీ చూద్దామంటే మబ్బు పట్టింది.

ఇప్పుడు లోపాలు. ఇవి చిన్నవి కావు.

మొదటిది హిందీ. మా ఇద్దరికీ అంతంతమాత్రం కాబట్టి రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాం. చేరిన బడిలో తోటి పిల్లలు ఒకటో తరగతినుంచి చదువుతున్నారు. అమ్మాయి అక్షరాల దగ్గర ఉంది. తప్పు పూర్తిగా మాదే.

రెండోది గడియారం. ఇంట్లో ఎప్పుడూ సమయం పెట్టి రాయించలేదు. మొదటి యూనిట్ టెస్ట్‌లో అమ్మాయి మూడో ప్రశ్నకి పేజీన్నర రాసి, చివరి రెండూ వదిలేసి వచ్చింది. "అన్నీ వచ్చమ్మా, వాళ్లు పేపర్ లాక్కున్నారు" అని ఏడ్చింది. పాతికకి పద్నాలుగు.

మూడోది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది, నా ఓపిక. అమ్మా, టీచరూ ఒకే మనిషైతే పిల్లకి కోపం వచ్చినప్పుడు చెప్పుకోడానికి ఎవరూ మిగలరు. అత్తయ్య లేకపోతే ఈ రెండున్నరేళ్లు గడిచేవి కావు. పొద్దున ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఉండకపోతే ఈ పద్ధతి మీకు సరిపడదనే అంటాను. చుట్టాలు కూడా, "ఇంట్లోనే కదా ఉంటారు" అని పదింటికి దిగిపోతారు.

చేర్పించేటప్పుడు కాగితాల భయం ఉంటుంది. మాకు పాత టీసీ ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. మా దగ్గర చిన్న రాతపరీక్ష పెట్టి తీసుకున్నారు. కాగితమే కావాలనుకునేవాళ్లకి ఎన్ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) బేసిక్ ఎడ్యుకేషన్ బి లెవెల్ ఐదో తరగతికి సమానం. మేం ఆ దారిలో వెళ్లలేదు.

బాబుని కూడా వచ్చే జూన్‌లో ఆరులో చేర్పిస్తాం. ఈలోగా టైంటేబుల్‌లో రెండు మార్పులు చేశాం. శనివారం గడియారం ముందు పెట్టుకుని పది ప్రశ్నలు, ముప్పై నిమిషాలు. రోజూ ఇరవై నిమిషాలు హిందీ. హిందీకి అక్క కూడా బడినుంచి వచ్చి పక్కన కూర్చుంటోంది. నిన్న హిందీ మాత్రల (గుణింతం గుర్తుల) దగ్గర ముగ్గురం ఒకే తప్పు రాశాం. అత్తయ్యకి రాదు కాబట్టి పట్టుకునేవాళ్లు లేరు, పుస్తకం చూసి దిద్దుకున్నాం.