రెండు టికెట్లు అతికించి ఒకటిగా అమ్మారు: గల్ఫ్ మీదుగా వెళ్లేవారు జాగ్రత్త

ముందే చెప్పేస్తాను. రెండు వేరువేరు టికెట్లను ఒకే ప్రయాణంలా చూపించి అంటగట్టే బుకింగ్ వెబ్‌సైట్ల దగ్గర కొనకండి. ముఖ్యంగా గల్ఫ్ మీదుగా యూరప్‌కో అమెరికాకో వెళ్లేవారు. నేను కొన్నాను. ఇద్దరికీ కలిపి 18,400 రూపాయలు మిగిలాయని మురిసిపోయి, దాదాపు లక్ష పోగొట్టుకున్నాను. ఆ వెబ్‌సైట్ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఇలా అమ్మేది అదొక్కటే కాదు.

నన్ను ఎరిగినవారు ఇది చదివి నవ్వుకుంటారు. విమానాల పిచ్చి నాకు ముప్పై ఏళ్లుగా ఉంది. 2024 జనవరిలో బేగంపేట ప్రదర్శనకు బోయింగ్ 777ఎక్స్ వస్తే, అది రెక్కల చివర్లు పైకి మడుచుకోవడం చూడటానికి నడుము నొప్పితోనే ఎండలో నిలబడ్డాను. ఇంజిన్ చప్పుడు విని వచ్చే విమానమేదో చెబుతానని మా ఇంట్లో పేరు. అలాంటివాడిని డబ్బు కట్టే ముందు వచ్చిన పేజీలో బూడిద రంగు అక్షరాల్లో ఉన్న ఒక్క వాక్యం చదవలేదు.

మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. 2025 జులై మొదటి వారంలో పురుడు. మా వీసాలు జూన్ రెండో వారంలో చేతికి వచ్చాయి. జూన్ 12న అహ్మదాబాద్‌లో బోయింగ్ 787 కూలిన ప్రమాదం. ఆ రాత్రి టీవీ కట్టేసి మా ఆవిడ ఒకే మాట అంది: "ఏమండీ, ఎలా తీసుకెళ్లినా సరే, ఆ రకం విమానం మాత్రం వద్దు." బోయింగ్ 787 ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టింది 2011లో. ప్రాణనష్టంతో విమానం కూలిపోవడం ఆ రకంలో అదే మొదటిసారి. ఇదంతా ఆమెకు వివరించాను. "పోయినవాళ్లకు చెప్పండి మీ లెక్కలు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆమె భయాన్ని సాకుగా తీసుకుని నా సరదా తీర్చుకోబోయాను, దాచడమెందుకు. గల్ఫ్‌లో ఒక నగరం నుంచి బ్రిటన్‌కు ఎయిర్‌బస్ ఏ380 కనిపించింది. రెండంతస్తులు, నాలుగు ఇంజిన్లు. అన్నీ కలిపి సంస్థలకు అందించినవి 251 మాత్రమే, 2021తో తయారీ ఆపేశారు. పెద్ద ఊళ్ల మధ్య పెద్ద విమానాలే తిరగాలన్న ఎయిర్‌బస్ అంచనాను రెండు ఇంజిన్ల విమానాలు తలకిందులు చేశాయి. వ్యాపారపరంగా అదొక తెల్ల ఏనుగు అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ లోపలి నిశ్శబ్దం మరే విమానంలోనూ లేదు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ వరకు వేరే సంస్థ విమానం, అక్కడి నుంచి ఇది. రానుపోను ఇద్దరికీ 1,61,000. ఒకే సంస్థలో అయితే 1,79,400 చూపించింది. జూన్ 15న డబ్బు కట్టేశాను.

ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. అప్పటికి రెండు రోజుల ముందే, జూన్ 13న ఇరాన్ మీద ఇజ్రాయెల్ దాడులు మొదలైన గంటల్లోనే, ఇరాన్, ఇరాక్, ఇజ్రాయెల్, జోర్డాన్ గగనతలాలు మూసుకున్నాయి. ఏ విమానం ఎటు తిరిగి వెళుతోందో ఫోనులో చూస్తూ కూర్చున్నవాడిని నేనే. యూరప్ విమానాలు కొన్ని ఉత్తరాన కాస్పియన్ మీదుగా, కొన్ని దక్షిణాన ఈజిప్టు మీదుగా సన్నటి దారుల్లో చీమల బారుల్లా వెళుతున్నాయి. ఆ బొమ్మ చూసి ఆనందించాను తప్ప, నా టికెట్ కూడా ఆ బారులోనే ఉందని తట్టలేదు. పోనీ నేను పిచ్చివాడిని, అమ్మేవాడికి తెలియదా? యుద్ధం మధ్యలో అతుకుల టికెట్ అమ్ముతూ, పైగా "ప్రయాణ రక్షణ" అంటూ తలకు 1,499 రూపాయలు అదనంగా గుంజాడు. యుద్ధం వల్ల కలిగే నష్టం అందులో చేరదని పధ్నాలుగో పేజీలో ఉంది.

మా విమానం జూన్ 24 తెల్లవారుజామున 4.10కి. ముందు రాత్రి భోజనాల వేళ టీవీలో వార్త: ఖతార్ గగనతలం మూత. కాసేపటికే అక్కడి అమెరికా సైనిక స్థావరం అల్ ఉదైద్ మీద ఇరాన్ క్షిపణులు. బహ్రెయిన్, కువైట్, యూఏఈ కూడా కొన్ని గంటలు మూసేశాయి. అప్పటికి పెట్టెలు కట్టి హాల్లో ఉన్నాయి. శొంఠి పొడి, వెల్లుల్లి కారం, రెండు డబ్బాల సున్నుండలు, పాత చీరలు చింపి కుట్టిన పొత్తి గుడ్డలు. ఏమైతే అయిందని శంషాబాద్ వెళ్లాం.

కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయిది చిన్న వయసు, కళ్లలో నిద్ర. విమానం రద్దయిందని చెప్పి, మొత్తం డబ్బు వాపసు వస్తుందంది. మరి అక్కడి నుంచి మా బ్రిటన్ విమానం సంగతేమిటి అని అడిగాను. తెర నా వైపు తిప్పి చూపించింది. "సార్, ఈ టికెట్ ప్రకారం మీ ప్రయాణం గల్ఫ్‌తో అయిపోతుంది. తర్వాతది వేరే టికెట్, మాకు కనిపించదు." ఆ పిల్లను తప్పుపట్టను. తన ముందున్నదే చెప్పింది. ఇంకొక సంగతి కూడా ఆమే చెప్పింది. విమానం వెళ్లినా, అక్కడ మేము ఆ దేశంలోకి ప్రవేశించి, సామాను దించుకుని, బయటి నుంచి మళ్లీ చెక్-ఇన్ చేయాలట. దానికి వీసా చూపించకపోతే ఇక్కడ ఎక్కనివ్వరట. నాలుగు పెట్టెలు, మోకాళ్ల నొప్పులున్న మనిషి, రెండున్నర గంటల వ్యవధి. బాంబులు పడకపోయినా ఆ ప్రయాణం సాగేది కాదు.

వెబ్‌సైట్‌కు ఫోను చేస్తే యాభై రెండు నిమిషాలు సంగీతం వినిపించారు. చివరికి ఒకాయన వచ్చి, "మీ రెండో విమానం రద్దు కాలేదు సార్, మీరే వెళ్లలేదు" అన్నాడు. నిజమే, గగనతలం తెల్లవారేసరికి తెరుచుకుంది. ఆ ఏ380 మూడు గంటలు ఆలస్యంగా, మా రెండు సీట్లు ఖాళీగా, వెళ్లిపోయింది. విమానయాన భాషలో మేము "నో షో". వెళ్లేటప్పుడు ఎక్కకపోతే, అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణం కూడా దానంతటదే రద్దవుతుంది. ఇది చాలామందికి తెలియదు. ఆ రెండో టికెట్లకు కట్టిన 1,08,600లో పన్నుల కింద 9,800 వెనక్కి వచ్చింది, అంతే.

గగనతలం మూసినందుకు ఎవరినీ తిట్టడం లేదు. మూయకపోతే ఏమవుతుందో చూశాం. 2014 జులై 17న ఉక్రెయిన్ తూర్పు ప్రాంతంలో కింద యుద్ధం జరుగుతుండగా, పైన ఎత్తులో దారి తెరిచే ఉంచారు. క్షిపణికి కూలిన మలేసియా విమానంలో 298 మంది పోయారు. 2020 జనవరి 8న ఇరాన్ అమెరికా స్థావరాల మీద క్షిపణులు వేసి, కొన్ని గంటలకే తన సొంత రాజధాని నుంచి ప్రయాణికుల విమానాలను ఎగరనిచ్చింది. ఉక్రెయిన్ విమానాన్ని తన క్షిపణులతోనే కూల్చింది. 176 మంది. ఆ రాత్రి ఆకాశం మూసి ఉంటే వాళ్లంతా కాస్త విసుక్కుని విమానాశ్రయంలో పడుకునేవారు. శంషాబాద్‌లో కుర్చీ మీద కూర్చుని నిద్రపోతున్న మా ఆవిడను చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

నా కోపమంతా లెక్క ఎవరి నెత్తిన పడుతుందన్న దాని మీద. దేశాలు కొట్టుకుంటాయి, ఆకాశాలు మూస్తాయి, బిల్లు మాత్రం టికెట్ కొన్నవాడికి వస్తుంది. పాకిస్థాన్ 2025 ఏప్రిల్ 24న మన సంస్థలకు దారి మూసేసింది, వారం తిరగకుండానే మనమూ వాళ్లకు మూశాం. ఆ మూతతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు దారిలో వియన్నాలో ఆగి ఇంధనం పోసుకోవాల్సి వచ్చింది. ఇండిగో తాష్కెంట్, అల్మాటీ విమానాలను ఆపేసింది, చుట్టుదారిలో వెళ్లేంత సత్తా ఆ చిన్న విమానాలకు లేదు. 2019లో బాలాకోట్ దాడి తర్వాతా ఇదే జరిగింది. ఫిబ్రవరి నుంచి జులై వరకు అదే మూత, ఇండిగో ఢిల్లీ–ఇస్తాంబుల్ విమానం అప్పుడు దోహాలో ఆగి ఇంధనం నింపుకునేది.

రష్యా సంగతి ఇంకో రకం. 2022 నుంచి యూరప్, అమెరికా సంస్థలకు సైబీరియా మీద దారి లేదు. హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిది గంటల్లో వెళ్లే ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ ఇప్పుడు పదమూడు గంటలు తిరుగుతోంది. మనవాళ్లకు ఆ దారి తెరిచే ఉంది, దాని లాభమూ ఉంది. కానీ 2023 జూన్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఇంజిన్ ఇబ్బందితో రష్యాలోని మగదాన్‌లో దిగినప్పుడు, 216 మంది ప్రయాణికుల్లో చాలామంది బడి గదుల్లో నేల మీద పరుపులు వేసుకుని పడుకున్నారు. తక్కువ దూరం అనే మాటకు అదీ ఒక అర్థం.

గల్ఫ్ సంస్థల గురించి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. సేవలు బాగుంటాయి, విమానాలు కొత్తవి. కానీ వాళ్ల వ్యాపారం మొత్తం ఒక్క రన్‌వే జత మీద ఆధారపడి ఉంది. ప్రపంచమంతటి నుంచి జనాన్ని ఒక చోటికి తెచ్చి, రెండు గంటల్లో మళ్లీ విసిరేయడమే వాళ్ల నేర్పు. ఆ ఒక్కచోట తలుపు పడితే నాలుగు ఖండాల ప్రయాణికులు ఇరుక్కుంటారు. ఒకే టికెట్ మీద ఉన్నవారికి ఆ రాత్రి ఇబ్బంది కలిగినా, తర్వాతి విమానాల్లో సర్దారు. మా ముందు వరుసలో ఉన్న కరీంనగర్ కుటుంబం మూడో రోజుకు మాంచెస్టర్ చేరింది, పైసా అదనంగా కట్టకుండా. మాకూ వాళ్లకూ తేడా 18,400 రూపాయలే.

ఇక కొనేముందు చూడాల్సినవి. వెబ్‌సైట్ ఇచ్చే బుకింగ్ నంబరు నమ్మకండి, అది రెండు టికెట్లకూ కలిపి వాళ్లు కట్టిన తాడు. 13 అంకెల టికెట్ నంబరు చూడండి. అందులో మొదటి మూడు అంకెలు టికెట్ ఇచ్చిన సంస్థవి. ఒక్కో మనిషికి మొత్తం ప్రయాణానికీ ఒకే టికెట్ ఉండాలి. అదీ అర్థం కాకపోతే డబ్బు కట్టకముందే ఒక్క ప్రశ్న వేయండి: హైదరాబాద్‌లో ఇచ్చిన పెట్టె నేరుగా చివరి ఊళ్లోనే తీసుకోవచ్చా? నీళ్లు నమిలితే వదిలేయండి. "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్", అంటే మధ్యలో విమానం మారే బాధ్యత మీదే అన్న మాట కనిపించినా అంతే.

విమానం రకం చూసి కొనే నాలాంటివారికి వేరుగా ఒక మాట. తెర మీద చూపే విమానం పేరు హామీ కాదు, సంస్థ ఎప్పుడైనా మార్చవచ్చు. 737 మ్యాక్స్ అంటే జనం భయపడతారని చాలాచోట్ల "737-8" అని రాస్తారు, రెండూ ఒకటే. ఇండోనేసియా, ఇథియోపియా ప్రమాదాల్లో 346 మంది పోయాక దాన్ని సరిదిద్దారు. ఇప్పుడు ఎక్కడానికి నాకు భయం లేదు. పైలట్లకు చెప్పకుండా ఒక సాఫ్ట్‌వేర్‌ను విమానంలో దాచిన ఆ కంపెనీ బుద్ధి మీదే ఇంకా నమ్మకం కుదరలేదు. 777 అనగానే విశాలమనుకోకండి. ఒకప్పుడు వరుసకు తొమ్మిది సీట్లు ఉండేవి, ఇప్పుడు ఎక్కువ సంస్థలు పది బిగిస్తున్నాయి. మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

డబ్బు విషయం. రద్దయిన విమానం సొమ్మును వెబ్‌సైట్ తన "వాలెట్"లో వేసి, మళ్లీ తన దగ్గరే ఖర్చుపెట్టమంది. ఒప్పుకోవద్దు. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు తిరిగి ఇప్పించే బాధ్యత విమానయాన సంస్థదే అని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన చెబుతోంది. వాలెట్‌లాంటి ఖాతాలో ఉంచాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి సంస్థకు పంపాను, విమానయాన శాఖ ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. నలభై మూడో రోజున 52,400 బ్యాంకులో పడింది. వెబ్‌సైట్ తన "సౌకర్య రుసుము" 2,360 మాత్రం ఇవ్వలేదు. ఎవరి సౌకర్యమో.

జూన్ 29న నేరుగా లండన్ వెళ్లాం. ఇద్దరికీ 2,31,000. ఆ రోజు దొరికిన నేరు విమానం 787. ఎక్కే ముందు మా ఆవిడ నన్ను ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. సీట్లో కూర్చున్నాక భద్రతా సూచనల కార్డు తీసి, దాని మీద పేరు చదివి, మళ్లీ ముందు సీటు జేబులో పెట్టేసింది. విమానం పైకి లేచినప్పుడు నా మణికట్టు పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నాయి. అరేబియా సముద్రం దాటేవరకు వదల్లేదు. తర్వాత మీట నొక్కితే రంగు మారే కిటికీ అద్దంతో చాలాసేపు ఆడుకుంది.

మనవరాలు జులై 3న పుట్టింది. వినియోగదారుల కమిషన్‌లో వేసే కాగితాలు సిద్ధం చేస్తున్నాను. డబ్బు కట్టే ముందు ఆ వెబ్‌సైట్ చూపించిన పేజీని ఎవరైనా ఫోటో తీసి ఉంచుకుని ఉంటే చెప్పండి. నా దగ్గర లేదు, ఇప్పుడు వాళ్లు ఆ బూడిద అక్షరాలను కాస్త నల్లగా మార్చారు.