షుగర్ పుండుకు సిల్వర్ ఫోమ్ డ్రెస్సింగ్: మా ఇంట్లో వాడి చూశాక

పుండు నుంచి రసి కారుతూ, కాస్త వాసన వస్తుంటే ఇది పెట్టిన డబ్బుకి పనికొస్తుంది. పొడిగా ఎండిపోయిన పుండుకీ, నల్లబడిన వేలికీ ఇది కాదు. డాక్టరు చూడకుండా ఆన్‌లైన్లో తెప్పించుకుని అంటించేవాళ్ళు ముందు ఈ ముక్క చదవండి.

మాది తణుకు. మా మావయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది, అరికాళ్ళలో స్పర్శ పోయింది. మే నెలలో మిట్టమధ్యాహ్నం గుడి చుట్టూ ఒట్టికాళ్ళతో ప్రదక్షిణలు చేసి వచ్చారు. ఇంటికొచ్చాక గచ్చు మీద తడి అడుగులు పడుతుంటే అత్తయ్యగారు ముందు చూశారు. బొబ్బ చితికి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు రూపాయి బిళ్ళంత పుండు. ఆయనకి మంట కూడా తెలియలేదు.

మొదట్లో అందరిలాగే గాజ్ గుడ్డ, బెటాడిన్, పైన కట్టు. కాంపౌండర్ రోజూ వచ్చి మార్చేవాడు. గుడ్డ ఎండి పుండుకి అతుక్కుపోయేది, తీసినప్పుడల్లా అప్పుడే ఎర్రగా మొలుస్తున్న కండ దాంతో పాటే ఊడి రక్తం వచ్చేది. ఫోమ్ గురించి చెప్పేవాళ్ళంతా తీసేటప్పుడు నొప్పి ఉండదనే గొప్పగా చెబుతారు. మావయ్యగారికి నొప్పే తెలియదు కాబట్టి ఆ గొప్ప మాకు అక్కర్లేదు. మాకు కావలసింది కొత్త కండ ఊడకపోవడం. ఆ పని మాత్రం ఇది నిజంగా చేసింది. పుండుకి ఆనే వైపు మెత్తని సిలికాన్ పొర ఉంటుంది. అది పక్కనున్న పొడి చర్మానికి అంటుకుంటుంది గానీ తడిగా ఉన్న పుండుకి అంటుకోదు. మొదటిసారి తీసిన రోజు ఒక్క చుక్క రక్తం రాలేదు. అత్తయ్యగారు దేవుడికి దండం పెట్టుకున్నారు.

సిలికాన్ పొర మీద పాలీయురేథేన్ ఫోమ్ రసిని పీల్చి పట్టి ఉంచుతుంది. అన్నిటికీ పైనున్న పల్చటి పొర లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది, బయటి నీళ్ళని లోపలికి రానివ్వదు. ఫోమ్ తడిసినప్పుడు అందులోని వెండి అయాన్లు విడుదలై సూక్ష్మక్రిముల్ని చంపుతాయి. మెపిలెక్స్ ఏజీ, బయాటైన్ సిలికాన్ ఏజీ లాంటివి ఈ రకం, ఏజీ అంటే వెండి. కెండాల్ ఏఎండీలో వెండి బదులు పీహెచ్ఎంబీ అనే క్రిమినాశకం ఉంటుంది. ఏది వాడాలన్నది డాక్టరుగారే రాయాలి.

పెట్టడం కష్టం కాదు, నాకు నేర్పించాక నేనే చేశాను. సెలైన్‌తో కడిగి, చుట్టూ చర్మం బాగా తుడిచి, పుండు అంచు దాటి అన్ని వైపులా కనీసం రెండు సెంటీమీటర్లు కప్పేలా పెట్టాలి. పైన మార్కర్‌తో తేదీ రాసేదాన్ని. రసి మరక పైకి కనిపిస్తుంది. అది డ్రెస్సింగ్ అంచుకి దగ్గరపడిందంటే మార్చేయాలి. ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు ఉంచవచ్చంటారు గానీ, రసి జోరుగా ఉన్న మొదటి వారంలో అన్నాళ్ళు ఆగడం కుదరదు. ఆగితే చుట్టూ చర్మం నాని తెల్లబడుతుంది, పుండు పెద్దదవుతుంది.

విప్పగానే గోధుమరంగు మరక, ఒక రకం వాసన ఉంటాయి. అది చూసి చీము పట్టిందని కంగారుపడొద్దు. సెలైన్‌తో కడిగాక కూడా వాసన పోకపోతే అప్పుడు డాక్టరుగారికి చూపించాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి దీన్ని పెట్టకూడదు. మావయ్యగారికి ఎముక దాకా పాకిందేమోనని ఎక్స్‌రే తీయించినప్పుడు డ్రెస్సింగ్ తీసేయాల్సి వచ్చింది. అందుకే ఎక్స్‌రే, ఎమ్మారై ఉన్న రోజే మార్పిడి పెట్టుకుంటే ఒక ముక్క మిగులుతుంది. ఇవి ఒక్కోటి వందల్లో ఉంటాయి మరి. పెద్ద ముక్క కొని కత్తిరించి మిగతాది దాచుకోవాలనిపిస్తుంది, కానీ ప్యాకెట్ విప్పాక అది స్టెరైల్ కాదు. సైజు చూసుకుని కొనండి. అరికాలికి అంచులో జిగురున్న బోర్డర్ రకమైనా కాస్త చుట్టుకుపోతుంది, మీద పల్చగా రోలర్ బ్యాండేజీ చుట్టాల్సిందే.

అసలు విషయం ఇప్పుడు చెబుతున్నా. రెండు వారాలయ్యాక డాక్టరుగారు వెండి ఆపి మామూలు ఫోమ్‌కి మార్చారు. బాగా పనిచేస్తుంటే ఎందుకు ఆపుతున్నారని మా ఆయన అడిగారు. ఇన్ఫెక్షన్ లక్షణాలు తగ్గాక వెండి అనవసరమనీ, రెండు వారాలకి ఒకసారి ఆగి చూసుకోవాలని 2012లోనే అంతర్జాతీయ నిపుణులు చెప్పారనీ వివరించారు. షుగర్ పాదాల గురించి ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలైతే, పుండు మానడం కోసమని క్రిమినాశక డ్రెస్సింగులు వాడొద్దనే చెబుతున్నాయి. అంటే వెండి పుండుని మాన్పదు. రక్తప్రసరణ బాగుండి, షుగర్ అదుపులో ఉండి, ఆ చోట బరువు పడకపోతే పుండు మానుతుంది.

మా ఇంట్లో యుద్ధమంతా ఆ బరువు దగ్గరే. "మెత్తగా పరుపేసినట్టు ఉందమ్మా, టీకొట్టు దాకా నడిచొస్తా" అనేవారు మావయ్యగారు. ఫోమ్ మెత్తన నడవడానికి కాదు. పుండు చుట్టూ గట్టిపడ్డ ఆనెకాయని డాక్టరుగారు చెక్కి, ముందుపాదం మీద బరువు పడని చెప్పు ఇచ్చాకే లోతు తగ్గడం మొదలైంది. ఇప్పుడు పుండు సెంటీమీటరు కూడా లేదు. మానాక ఎంసీఆర్ చెప్పులు (షుగర్ పాదాలకి వాడే మెత్తటి రబ్బరు అట్టవి) ఇంట్లో కూడా వేసుకోవాలన్నారు, జత కొని సిద్ధంగా పెట్టాం.

కొనమని చెబుతాను, ఒక పెట్టెకి మించి ఒకేసారి కొనొద్దు. చుట్టూ ఎరుపు పాకుతున్నా, పాదం వాచినా, చలిజ్వరం వచ్చినా, షుగర్ ఉన్నట్టుండి పెరిగినా ఇంకో ఫోమ్ మార్చి చూద్దామనుకోకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. లోపల పాకిన ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ కావాలి, పైన అంటించిన ఏ ముక్కా అక్కడిదాకా వెళ్ళదు.