‘మైనస్ 5’ అని రాసిన తేలిక స్లీపింగ్ బ్యాగ్ కొనేముందు కాంటా మీద పెట్టండి

జాగ్రత్త. చలికాలం దగ్గరపడితే చాలు, ఆన్‌లైన్‌లో తొమ్మిది వందల నుంచి పదిహేను వందల రూపాయల స్లీపింగ్ బ్యాగులు కుప్పలుగా కనిపిస్తాయి. బరువు 900 గ్రాములు, మైనస్ 5 డిగ్రీల చలి ఆపుతుంది, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటుంది. ఈ మూడు మాటలూ ఆ ధరలో ఒకే సంచిలో ఇమడవు. లక్నవరం చెరువు దగ్గర గుడారంలో ఉందామనుకునేవాళ్లు, మేడారానికో కేస్లాపూర్ నాగోబా జాతరకో పిల్లలతో పోయేవాళ్లు, హిమాలయాల్లో ట్రెక్‌కు పేరు రాయించుకున్న కాలేజీ పిల్లలు పైసలు పెట్టకముందే ఇది చదవండి. బ్యాగ్ అసలు సంగతి తెలిసేది రాత్రి రెండింటికి. అప్పుడు చేయడానికి ఏమీ ఉండదు.

మొదట లెక్క చూద్దాం. పెద్ద మనిషి పట్టే బ్యాగ్ పైభాగం, కిందిభాగం కలిపి సుమారు 3 చదరపు మీటర్లు. బయటి బట్ట ఒక పొర, అస్తరు ఒక పొర, అంటే 6 చదరపు మీటర్ల బట్ట. చవక పాలిస్టర్ బట్ట చదరపు మీటరుకు 60 గ్రాములు తూగిందనుకుంటే బట్టకే 360 గ్రాములు. జిప్పు, తాళ్లు, చుట్టిపెట్టే సంచి కలిపి ఇంకో 140. తొమ్మిది వందల్లో ఐదు వందలు ఇక్కడే అయిపోయాయి. లోపల నింపే పాలిస్టర్ దూదికి మిగిలింది 400 గ్రాములు. దాన్ని 3 చదరపు మీటర్లకు పరిస్తే చదరపు మీటరుకు 130 గ్రాములు వస్తుంది. బట్టల వాళ్లు జీఎస్ఎం అనేది దీన్నే. 130 జీఎస్ఎం పాలిస్టర్ దూది 15 డిగ్రీల రాత్రికి సరిపోతుంది, పన్నెండుకు దిగితే వణుకు మొదలవుతుంది. 5 డిగ్రీల్లో నిద్ర పట్టాలంటే 300 జీఎస్ఎం దాకా కావాలి. అదే లెక్కన చూస్తే బ్యాగ్ మొత్తం కిలో 400 గ్రాములు తూగాలి. ఈ ధరలో దొరికే పాలిస్టర్ దూదితో అంతకంటే తేలిగ్గా, అంత వెచ్చగా చేయడం కుదరదు.

తొమ్మిది వందల గ్రాముల్లో సున్నా డిగ్రీలను తట్టుకునే బ్యాగులు లేకపోలేదు. అవి నిజమైన డౌన్ నింపినవి, అంటే బాతుల పొట్ట దగ్గరి మెత్తటి నూగు. వాటి ధర వేలల్లో ఉంటుంది. పదిహేను వందలకే ‘డక్ డౌన్’ అని ఎవరైనా అమ్మితే బ్యాగ్‌ను రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. ఈనెలు గట్టిగా గుచ్చుకుంటే అందులో ఎక్కువ ఉన్నది మామూలు ఈకలు. ఏమీ తగలకుండా జారే ఉండల్లా అనిపిస్తే ఆ ధరకు అది పాలిస్టరే అయి ఉండొచ్చు.

ఇక ఆ ‘మైనస్ 5’ ఎక్కడి నుంచి వచ్చింది? స్లీపింగ్ బ్యాగుల పరీక్షకు ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది. 2016లో వచ్చింది, అంతకుముందు యూరప్‌లో ఈఎన్ 13537 ఉండేది. అందులో మూడు అంకెలు ఇస్తారు. కంఫర్ట్ అంటే సగటు మహిళ కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని ఎట్లాగో రాత్రి గడిపేది. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర మాట దేవుడెరుగు, ఆరు గంటల పాటు ప్రాణం నిలబడే హద్దు. చేతివేళ్లు, కాలివేళ్లు గడ్డకట్టే ప్రమాదం అప్పటికీ ఉంటుంది. కంఫర్ట్‌కూ ఎక్స్‌ట్రీమ్‌కూ మధ్య పదిహేను, ఇరవై డిగ్రీల తేడా మామూలే. ఎక్స్‌ట్రీమ్ మైనస్ 5 అయితే హాయిగా పడుకునేది 12 డిగ్రీల దగ్గర. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో వేసేది ఆ చివరి అంకెనే. చాలా చవక బ్యాగులకైతే ఏ పరీక్షా జరగదు, అంకె ఉత్తగా అచ్చు వేస్తారు. మూడు అంకెలూ విడివిడిగా, ప్రమాణం పేరుతో సహా లేకపోతే ఆ లేబుల్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. ఇంకోటి, ఈ ప్రమాణం పిల్లల బ్యాగులకు వర్తించదు. చిన్నపిల్లల బ్యాగ్ మీద ఈ ముద్ర చూపించి అమ్మితే నమ్మకండి.

మన దగ్గర ఎంత చలి ఉంటుందో దానికే కొనండి. వరంగల్, హనుమకొండల్లో గట్టి చలిరాత్రి పది పన్నెండు డిగ్రీలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు సిర్పూర్ (యు), గిన్నెదరి లాంటి చోట్ల చలిగాలులు వీచినప్పుడు 5 డిగ్రీల చుట్టుపక్కలకు పడిపోతుంది. చెరువు గట్టున, వాగు ఒడ్డున తెల్లవారుజామున మంచు కురిసి ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువగా తోస్తుంది. ఉత్తరాఖండ్ హిమాలయాల్లో 3,800 మీటర్ల ఎత్తున్న కేదార్‌కంఠ శిఖరం దారిలో డిసెంబరు, జనవరి రాత్రులు సున్నాకు బాగా కింద ఉంటాయి. అక్కడికి ఈ రకం బ్యాగ్ తీసుకెళ్లడం ప్రాణంతో పందెం. ట్రెక్ నడిపేవాళ్లు సాధారణంగా బ్యాగ్ వాళ్లే ఇస్తారు, కంఫర్ట్ అంకె ఎంతో ముందే అడగండి.

బ్యాగ్ ఇంటికి రాగానే కిరాణా కొట్టు కాంటా మీద తూచండి. రాసినదానికంటే వంద గ్రాములు తక్కువ తూగితే ఆ వంద దూదిలోంచే పోయి ఉండొచ్చు. తర్వాత విప్పి, దులిపి, మూడు గంటలు నేల మీద వదిలేయండి. పై పొర ఒక్కటే ఎంత మందం పొంగిందో స్కేలు పెట్టి చూడండి. 5 డిగ్రీలకు కనీసం అంగుళంన్నర రావాలి. నెలల తరబడి గట్టిగా నొక్కి పెట్టిన సరుకులో దూది చచ్చిపోయి అర అంగుళం కూడా లేవదు.

చీకటి గదిలో ఫోన్ టార్చి లోపల పెట్టి బయటి నుంచి చూడండి. వెలుతురు అక్కడక్కడా తెల్లగా కనిపిస్తే అక్కడ దూది లేనట్టే. బయటి బట్టనూ అస్తరునూ కలిపి ఒకే కుట్టు వేసిన గీతలు వెలుగుతాయి, ప్రతి గీత దగ్గరా చలి దూరుతుంది. జిప్పు వెనక దూది నింపిన పట్టీ రెండు అంగుళాల వెడల్పున ఉందా? చవక వాటిలో తీసేసేది ముందు దాన్నే. పొడవు మీ ఎత్తు కంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. 210 సెంటీమీటర్లు అని రాస్తే అందులో 30 దాకా తలకప్పే ఉంటుంది. పాదాలు అడుగుకు తన్నుకుంటే అక్కడి దూది అణిగి కాళ్లు చల్లబడతాయి. ‘వాటర్‌ప్రూఫ్’ పూత దట్టంగా ఉంటే చెమట బయటికి పోదు, పొద్దునకు అస్తరు తడిగా ఉంటుంది.

చాలామంది మరిచేది నేల. ఒంటి బరువుకు కింద ఉన్న దూది అణిగిపోయి పనిచేయదు, ఎంత ఖరీదైన బ్యాగ్‌కైనా ఇదే సమస్య. కింద 10 మిల్లీమీటర్ల ఫోమ్ చాప తప్పనిసరి. మేడారంలో అయితే మందంగా పరిచిన వరిగడ్డి, దాని మీద వరంగల్ జంపఖానా మంచి పరుపు. పైన గొంగడి కప్పుకుంటే వెయ్యి రూపాయల బ్యాగ్ కంటే మేలని నా గట్టి అభిప్రాయం. గొర్రె ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. బరువు ఎక్కువే, కానీ బండి మీద పోయేటప్పుడు అది లెక్క కాదు. మంట పక్కన మాత్రం పాలిస్టర్ బ్యాగ్‌లో పడుకోవద్దు. ఒక్క నిప్పురవ్వకు బట్ట కరుగుతుంది, మంట అంటుకుంటే కరిగిన బట్ట చర్మానికి అతుక్కుంటుంది. చలి ఆగలేదని గుడారం లోపల బొగ్గుల కుంపటి అసలే పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు దాన్ని 15 డిగ్రీల బ్యాగ్‌గా వాడుకోండి, ఆ పనికి బాగానే ఉంటుంది. లోపల ఫ్లీస్ దుప్పటి, తలకు ఉన్ని టోపీ, పొడి సాక్సులు వేసుకుంటే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు నెట్టుకొస్తారు. తల లోపల పెట్టుకుని ఊపిరి వదలొద్దు, ఆ ఆవిరికి దూది తడుస్తుంది. ఇంట్లో చుట్టి సంచిలో కుక్కకుండా వేలాడదీసి ఉంచండి.

తిరిగి పంపాలనుకుంటే పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీయండి. కాంటా మీద తూకం, లేబుల్ మీది అంకె, అమ్మకపు పేజీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ఆ పేజీని వాళ్లు తర్వాత మార్చేయొచ్చు. వాపసు గడువు సాధారణంగా వారం, పది రోజులే ఉంటుంది కాబట్టి పరీక్షలన్నీ వచ్చిన రోజే చేయాలి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.